ఏడు చేపల కథ నుంచి ఏలూరు కాలువ దాకా: చిన్నపిల్లలకు ప్రకృతిని దగ్గర చేయడం ఎలా

ఐదేళ్ల పిల్లకు ఎక్కడో ధ్రువాల దగ్గర మంచు కరిగిపోతోందని చెబితే భయపడుతుంది. ఆ భయాన్ని ఏం చేసుకోవాలో తెలియదు, చేయదగ్గ పనీ తన చేతిలో ఉండదు. అదే పిల్లకు బాల్కనీలో కరివేపాకు మొక్క మీద ఆవగింజ కంటే చిన్న గుడ్డును చూపించి, "రేపు పొద్దున మళ్లీ చూద్దాం" అనండి. మర్నాడు మనల్ని తనే నిద్ర లేపుతుంది.

నేను విజయవాడలోని గుణదలలో ఉంటాను. బడిలో ఒకటి, రెండు తరగతులకు పాఠాలు చెబుతాను. ఆదివారం పొద్దున మా అపార్ట్‌మెంట్ పిల్లలూ, వెనక సందులో పిల్లలూ మా పార్కింగ్‌లో చేరతారు. నాలుగేళ్ల వాళ్ల నుంచి తొమ్మిదేళ్ల వాళ్ల దాకా ఉంటారు. వాళ్లతో చేస్తూ వచ్చిన పనుల్లో బాగా కుదిరినవాటిని, మీరూ చేయించగలిగేలా రాస్తున్నాను. పెద్ద ఖర్చేమీ లేదు. ఒక భూతద్దం, కొన్ని తెల్లకాగితాల పుస్తకాలు, ఓపిక ఉంటే చాలు.

నేను పాటించే వరస ఒకటే. ముందు కథో, పద్యమో, పొడుపుకథో. తర్వాత చేత్తో పని. ఆ తర్వాత పిల్లలు తమ మాటల్లో చెప్పేది. ఈ మూడూ ఒకే ప్రాణి చుట్టూ తిరగాలి. చీమ కథ చెప్పిన రోజు చీమలనే చూడాలి, ఏనుగు బొమ్మకు రంగులు వేయించకూడదు. కథ ఒక్కటే చెప్పి వదిలేస్తే విని మర్చిపోతారు. పని ఒక్కటే చేయిస్తే టీచర్ చెప్పింది కాబట్టి చేసి వెళ్లిపోతారు.

అందరికీ తెలిసిన కథతో మొదలుపెట్టండి

ఏడు చేపల కథ తెలియని తెలుగువాళ్లు అరుదు. రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకెళ్లి ఏడు చేపలు తెచ్చి ఎండబెడితే ఒకటి ఎండలేదు. ఎందుకంటే గడ్డిమోపు అడ్డం వచ్చింది. గడ్డిని ఆవు మేయలేదు, ఆవును పాలేరు మేపలేదు, పాలేరుకు అవ్వ అన్నం పెట్టలేదు, అవ్వ ఒళ్లో పిల్లాడు ఏడుస్తున్నాడు, ఆ పిల్లాణ్ని చీమ కుట్టింది. చీమనడిగితే, నా పుట్టలో వేలు పెడితే కుట్టనా అంది. ప్రాణులన్నీ ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయని ఐదేళ్ల వాళ్లకు చెప్పడానికి ఇంతకంటే మంచి పాఠం నాకు ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకలేదు.

మీకు కథ చెప్పడం రాదనిపిస్తే చెప్పగలిగిన పెద్దవాళ్లను పిలవండి. మా వాచ్‌మన్ వాళ్లమ్మది దివిసీమ. ఆవిడ చెబితే చేప ఎండే నేల కూడా కనిపిస్తుంది. అవి ఏ చేపలో, ఎండబెట్టే ముందు ఉప్పు ఎలా పట్టిస్తారో, పిల్లి రాకుండా ఏం చేస్తారో అన్నీ కలిపి చెబుతారు. పిల్లలు ఆవిణ్ని మామ్మా అని పిలిచి, వదలకుండా ప్రశ్నలు అడుగుతారు. ఊళ్లో పెరిగిన పెద్దవాళ్ల దగ్గర ఉన్న ఈ సాహిత్యం ఏ షాపులోనూ దొరకదు. వాళ్లు మనతో ఉన్నప్పుడే పిల్లలను వాళ్ల దగ్గర కూర్చోబెట్టాలి.

కథ అయ్యాక పిల్లలను గుండ్రంగా నిలబెట్టండి. ఒకరు చేప, ఒకరు గడ్డి, ఒకరు ఆవు, అలా చీమ దాకా. అందరి చేతుల మీదుగా ఒక పొడవాటి జనపనార తాడు పోనివ్వండి. చీమ తాడు లాగితే చేప దాకా అందరి చేతులూ కదులుతాయి. ఇప్పుడు గడ్డిని తాడు వదిలేయమనండి. ఎవరి చేతిలో తాడు జారిపోయిందో వాళ్లనే చెప్పమనండి. మీరు వివరించకండి. ఆ నిమిషంలో మన నోటి నుంచి పాఠం మొదలైతే ఆట చచ్చిపోతుంది.

తర్వాతి వారం అదే కథను మన వీధికి మార్చమనాలి. మా పిల్లలు అల్లినది ఇలా సాగింది. కాలువా కాలువా, ఎందుకు పారలేదు? సంచులు అడ్డం వచ్చాయి. సంచులూ సంచులూ, ఎందుకు అడ్డం వచ్చారు? కూరగాయలు మోసి మోసి చిరిగిపోతే పారేశారు. గుడ్డసంచీ గుడ్డసంచీ, నువ్వెందుకు మోయలేదు? తలుపు వెనక మేకుకు వేలాడుతున్నా, నన్నెవరూ తీసుకెళ్లలేదు. ఈ చివరి మాట చెప్పిన పిల్లాడు ఇంటికెళ్లి ఆ సంచిని వాళ్ల నాన్న స్కూటర్ డిక్కీలో పెట్టాడట. వాళ్లమ్మ చెబితే తెలిసింది. "ప్లాస్టిక్ వాడొద్దు" అని నేను వాడికి ఎప్పుడూ చెప్పలేదు.

చీమలూ ముగ్గుపిండీ

చీమ కథ చెప్పాక చీమల దగ్గరికే వెళ్లాలి. గుమ్మం దగ్గర రెండు చిన్న ముగ్గులు పెట్టించండి, ఒకటి బియ్యప్పిండితో, ఒకటి బజార్లో దొరికే రాతి ముగ్గుపిండితో. మధ్యలో జానెడు దూరం ఉంచండి. కాసేపు కథలు చెప్పుకుని వచ్చి చూస్తే చీమలు ఏ ముగ్గు దగ్గర చేరాయో పిల్లలే అరుస్తూ చెబుతారు. మీ నాయనమ్మ బియ్యప్పిండితోనే ముగ్గు ఎందుకు పెట్టేదో ఇంట్లో అడిగి రమ్మనండి. ఈ పని ధనుర్మాసంలో చేస్తే ఇంకా బాగుంటుంది, వీధంతా ముగ్గులే కాబట్టి.

నల్లచీమల బారు కనిపిస్తే, చీమలు లేని ఖాళీ చూసి బారుకు అడ్డంగా నేలను వేలితో ఒకసారి రుద్దండి. అక్కడికి రాగానే చీమలు తికమకపడతాయి. దారి పొడవునా అవి వదిలే వాసన చెరిగిపోయింది కదా, మళ్లీ దారి కుదిరేదాకా అటూ ఇటూ తిరుగుతాయి. పిల్లలు చీమ గురించి నాతో మాట్లాడడం ఆపి చీమతోనే మాట్లాడడం మొదలుపెట్టేది సరిగ్గా ఇక్కడే. ఎర్రచీమల దగ్గరికి మాత్రం వెళ్లనివ్వకండి, పుట్టలో పుల్ల పెట్టనివ్వకండి. కథలో చీమ ఏమందో గుర్తు చేస్తే చాలు, మళ్లీ చెప్పాల్సిన పని ఉండదు.

ఒక చెట్టుకు ఒక ఏడాది

పర్యావరణ దినోత్సవమని జూన్ 5న మొక్క నాటించి ఫొటో తీయించడం మీద నాకు నమ్మకం లేదు. మన దగ్గర అప్పటికింకా ఎండలు తగ్గవు. బడులు తెరిచేది జూన్ 12న. ఆ వేడిలో నాటిన మొక్కకు నీళ్లు పోసే దిక్కు ఉండదు, ఎండిపోతుంది. మొక్కలు నాటాలంటే వానలు కుదురుకున్నాక, జులై చివర్లో నాటించండి, నీళ్లు ఎవరు పోస్తారో ముందే తేల్చుకోండి. చిన్నపిల్లలకైతే మొక్క నాటడం కంటే ముందు ఒక పెద్ద చెట్టుతో పరిచయం కావాలి.

మీ వీధిలో ఏ చెట్టుంటే అది ఎంచుకోండి. మా పిల్లలది కానుగ. విజయవాడ వీధుల్లో కానుగలు బాగానే కనిపిస్తాయి కాబట్టి వెతుక్కోవడం కష్టం కాదు. ఒక్కొక్కరికి ఒక తెల్లకాగితాల పుస్తకం ఇచ్చి దాని మీద "నా చెట్టు" అని రాయించండి. మొదటి రోజు దారంతో మానును చుట్టి, ఆ దారాన్నే పుస్తకంలో అతికించాలి. బెరడు మీద కాగితం పెట్టి క్రేయాన్‌తో రుద్దితే గీతలన్నీ కాగితం మీదికి వస్తాయి. చెట్టు కింద ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చుని ఎవరెవరు వచ్చారో బొమ్మలు వేయాలి. ఉడుత, గోరింక, కాకి, ఈగ, చివరికి నీడ కోసం ఆగిన ఆటో కూడా. ఆటో బొమ్మ వేసిన పిల్లను తప్పుపట్టకండి. ఆ చెట్టు నీడ అవసరమైన వాళ్లలో ఆటో డ్రైవరూ ఒకడు.

నెలకోసారి అదే చెట్టు దగ్గరికి వెళ్లాలి. ఎండాకాలానికి ముందు ఆకు రాలి, లేత చిగురు మెరుస్తూ వస్తుంది. ఆ తర్వాత తెలుపూ ఊదా కలిసిన చిన్నపూలు నేలంతా పరుచుకుంటాయి. పిల్లలు వాటిని దోసిళ్లతో పోగేసుకుంటారు. ఉగాదికి పచ్చడిలోకి వేపపువ్వు కావాలి కాబట్టి ఆ వారం పక్కనున్న వేపచెట్టుకు సెలవు ఇవ్వకుండా పలకరించండి. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర వృక్షం వేప, రాష్ట్ర పక్షి రామచిలుక. పండిన వేపకాయల కోసం చిలకలు చెట్టు మీదికి వచ్చినప్పుడు ఈ రెండింటినీ ఒకేసారి చూపించవచ్చు. పరీక్ష కోసం బట్టీ పట్టిస్తే నిలవనిది అలా నిలిచిపోతుంది.

కాలం లెక్కకు ఇంగ్లిషు నెలలతో పాటు కార్తెలు కూడా రాయించండి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న మాట చెప్పి, ఆ వారం చెట్టు నీడలో ఎలా ఉందో, సిమెంటు నేల మీద ఎలా ఉందో అరచేతులతో తాకించి చూడమనండి. అది పొద్దున ఎనిమిది లోపే చేయాలి, ఆ తర్వాత సిమెంటు చేతులు కాలుస్తుంది. మృగశిర, ఆరుద్ర కార్తెల్లో తొలివానలు పడ్డాక ఊరి బయట ఎర్రమట్టి నేలల్లో ఆరుద్ర పురుగులు బయటికొస్తాయి. ఎర్రటి మఖమల్ ఒళ్లు ఉండే ఆ పురుగును అరచేతిలోకి తీసుకున్న పిల్ల దాన్ని జన్మలో మర్చిపోదు. కాసేపు నడవనిచ్చి, తీసిన చోటే వదిలేయించాలి. అగ్గిపెట్టెలో వేసుకుని ఇంటికి తేవడం మా చిన్నప్పటి అలవాటు, దాన్ని మాత్రం పిల్లలకు అందించవద్దు.

కరివేపాకు మీది పురుగు

ఒక్క పని మాత్రమే చేయించే వీలుంటే దీన్ని చేయించండి. కరివేపాకు మొక్కనో నిమ్మ మొక్కనో కుండీలో పెంచితే చాలు, ఏదో ఒక రోజు సీతాకోకచిలుక వచ్చి లేత ఆకు మీద లేత పసుపు రంగు గుడ్డు పెట్టి వెళుతుంది. గుడ్డులోంచి వచ్చే పురుగు మొదట నలుపూ తెలుపూ మచ్చలతో పిట్ట రెట్టలా కనిపిస్తుంది. పిట్టలు దాన్ని తినకుండా వదిలేయడానికే ఆ వేషం. పెరిగేకొద్దీ చర్మం వదులుతూ చివరికి ఆకుపచ్చగా మారుతుంది. ముట్టుకుంటే తల వెనక నుంచి ఎర్రటి చిన్న కొమ్ములు బయటికి పెట్టి ఘాటు వాసన వదులుతుంది. పిల్లలు ఒక్కసారి ముట్టుకుని చూడవచ్చు, పదేపదే విసిగించకూడదు.

పురుగును మొక్క మీదే చూడగలిగితే మంచిది. చిన్నవాళ్లకు దగ్గరగా చూపించాలంటే పెద్ద నోరున్న పచ్చడి సీసాను కడిగి బాగా ఆరబెట్టండి. అడుగున కాగితం, లోపల ఏటవాలుగా ఒక పుల్ల, మూతకు బదులు దోమతెర గుడ్డ, దాని చుట్టూ రబ్బరుబ్యాండు. రోజూ పొద్దున తాజా ఆకు వేయాలి, పాత ఆకూ రెట్టా తీసేయాలి. బజార్లో కొన్న కరివేపాకు వేయకండి, దాని మీద పురుగుమందు ఉంటే పురుగు చచ్చిపోతుంది. అదే మొక్క ఆకు వేయండి. ఎండలో పెట్టకండి. ఒక సీసాలో ఒకటో రెండో పురుగులకు మించి ఉంచకండి.

కొన్నాళ్లకు తినడం మానేసి, పుల్ల మీదికెక్కి, నడుముకు సన్నటి పట్టుదారం కట్టుకుని గూడుగా మారుతుంది. ఆ గూడు పరిసరాల రంగును బట్టి ఆకుపచ్చగానో గోధుమరంగులోనో ఉంటుంది. ఇక కదలదు. ఈ వారం పది రోజుల ఎదురుచూపే అసలు పాఠం, అందుకే తొందరపడి ఫోన్లో వీడియో చూపించేయకండి. సాధారణంగా పొద్దున పూట బయటికొస్తుంది. రెక్కలు ముడతలుగా, తడిగా ఉంటాయి. గంటో రెండు గంటలో ఎవరూ ముట్టుకోకూడదు. ఆ రోజే మొక్క దగ్గర వదిలేయాలి.

ఒక్కోసారి గూడులోంచి సీతాకోకచిలుక రాదు, ఒక చిన్న కందిరీగ వస్తుంది. కందిరీగ తన గుడ్లను ఆ పురుగు ఒంట్లో పెట్టి ఉంటుంది. పిల్లలు ఏడుస్తారు. ఏడవనివ్వండి. తర్వాత మెల్లగా, కందిరీగకూ పిల్లలుంటాయి కదా, అవేం తినాలి అని అడగండి. మొక్కకు ఆకంతా పోకుండా కాపాడేది కూడా ఆ కందిరీగలూ పిట్టలే. పిచ్చుకలు గింజలు తింటాయని అందరికీ తెలుసు, కానీ గూట్లో పిల్లలకు అవి మెత్తటి పురుగులను తెచ్చి పెడతాయి. చూరుకు వరికుచ్చు కట్టి, మట్టిమూకుడులో నీళ్లు పెట్టిన ఇంట్లోనే మొక్కల మీద పురుగుమందు కొడితే పిచ్చుకకు పిల్లల తిండి దొరకదు. పెద్దవాళ్లకు కూడా ఈ సంగతి చెప్పి రమ్మని పిల్లలను పంపుతాను. నీళ్ల మూకుడును రోజూ ఒంపి కడగాలని కూడా చెబుతాను, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి.

సీతాకోకచిలుకను వదిలిన రోజు పిల్లల చేత పొడుపుకథ కట్టించండి. ముందు మన పాతవి నాలుగు అడగాలి. ముళ్లకంచెలో మిఠాయి పొట్లం ఏది? తేనెపట్టు. ఈ పద్ధతి పట్టుకుంటే పిల్లలు తమంతట తామే కడతారు. "నిన్న రెట్ట, నేడు ఆకు, రేపు పువ్వు, ఎవరు నేను?" అని ఒక ఏడేళ్ల పిల్ల అడిగినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. ఆ పిల్ల చూసింది కాబట్టే అలా అనగలిగింది.

నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి

విజయవాడ పిల్లలకు నీటి పాఠం ఇంటి పక్కనే ఉంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర మొదలై ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువ ఊరి మధ్యలోంచి పోతాయి. ఇంత కాలువలున్న ఊళ్లో పుట్టి, నీళ్లు ట్యాంకులోంచి వస్తాయని చెప్పే పిల్లలున్నారు. వాళ్ల తప్పేం కాదు, మనం చూపించలేదు.

ఇంటి కుళాయి నుంచి వెనక్కి ప్రశ్నలు మొదలుపెట్టండి. కుళాయిలోకి ఎక్కడి నుంచి? ట్యాంకులోంచి. ట్యాంకులోకి? మోటారు. మోటారుకు? ఇలా వెళుతుంటే నది దాకా వస్తారు. అప్పుడు గచ్చు మీద సుద్దముక్కతో కృష్ణను గీయించండి. మహారాష్ట్రలో మహాబలేశ్వరం దగ్గర పుట్టి, కర్ణాటక, తెలంగాణ దాటి మన బ్యారేజీ దగ్గర ఆగి, హంసలదీవి దగ్గర సముద్రంలో కలిసేదాకా. సుమారు 1,400 కిలోమీటర్ల నది మీ పార్కింగ్‌లో పట్టేస్తుంది. దారిలో ఎవరెవరు ఆ నీళ్లు తాగుతారో ఒక్కో పిల్ల ఒక్కో చోట నిలబడి చెప్పాలి: జొన్నచేను, చేప, కొంగ, కరెంటు, మనం. ఇబ్రహీంపట్నం దగ్గర ఒకరిని గోదావరిగా నిలబెట్టండి. పట్టిసీమ నుంచి కాలువ ద్వారా వచ్చే గోదావరి నీళ్లు అక్కడ కృష్ణలో కలుస్తాయి. తాము చూసే నీళ్లలో రెండు నదులున్నాయని తెలిసినప్పుడు పిల్లల ముఖాలు చూడాలి.

బ్యారేజీ గురించి పెద్దపిల్లలకు ఇంకొంచెం చెప్పండి. 1855లో పూర్తయిన పాత ఆనకట్ట 1952లో తెగిపోతే, ఇప్పుడున్న బ్యారేజీ 1957లో వచ్చింది. నీళ్లను కట్టడం, పంచుకోవడం ఒక్కరోజులో అయిన పని కాదని, మనుషులు తరతరాలుగా చేస్తున్న పనని తెలియాలి.

ఎండాకాలంలో కాలువ కట్టేసినప్పుడు పిల్లలను వంతెన మీదికి తీసుకెళ్లండి. గట్టు దిగనివ్వద్దు, ఐదుగురికి ఒక పెద్దవాళ్లు ఉండాలి, చేతులు పట్టుకోవాలి. నీళ్లు లేని కాలువ అడుగున ఏమేం కనిపిస్తున్నాయో పైనుంచే చూసి ఇంటికొచ్చి బొమ్మలు వేయాలి. చిన్నపిల్లల చేత ఆ చెత్త ఏరించకండి. గాజుపెంకులు, సిరంజిలు ఉంటాయి. వాళ్ల పని వాళ్ల ఇంట్లో ఉంది. వారం రోజుల పాలప్యాకెట్లను కడిగి, ఆరబెట్టి, దాచి తెమ్మనండి. కత్తిరించేటప్పుడు మూల ముక్క పూర్తిగా తెగకుండా ప్యాకెట్‌కే వేలాడేలా చూడమనండి. తెగిపోయిన ఆ చిన్నముక్కను ఎవరూ ఏరలేరు, అదే కాలువలోకి పోతుంది. ఇది నాలుగేళ్ల పిల్ల కూడా వాళ్లమ్మకు నేర్పగలదు.

బుడమేరు వాగు గురించి మాట్లాడేటప్పుడు జాగ్రత్త కావాలి. 2024 సెప్టెంబరు మొదట్లో అది పొంగి, ఊళ్లో సింగ్‌నగర్ వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఆ నీళ్లను చూసిన పిల్లలు మబ్బు పడితే ఇప్పటికీ టెన్షన్ పడతారు. వాళ్ల ముందు బొమ్మ ఇళ్లను ముంచే ఆటలు ఆడించకండి. ముందు వాళ్లు చూసింది చెప్పనివ్వండి. చెప్పేది పూర్తయ్యేదాకా మధ్యలో ఏమీ అనకండి.

ఆ తర్వాత ఇది చేయవచ్చు. రెండు పాత ట్రేలు తీసుకోండి. ఒకదాంట్లో మట్టిపోసి గరిక నాటి వేళ్లు పట్టేదాకా ఉంచండి. ఇంకోదాంట్లో టైల్ ముక్కలు పరచండి. రెండింటినీ ఒక పుస్తకం ఎత్తున ఏటవాలుగా పెట్టి, కింద గిన్నెలు ఉంచి, చెరో గ్లాసు నీళ్లు చిల్లులున్న డబ్బాతో వానలా పోయండి. టైల్ వైపు నీళ్లు వెంటనే గిన్నెలోకి దూకుతాయి. గరిక వైపు ఆలస్యంగా, కొద్దికొద్దిగా దిగుతాయి. బుడమేరు మైలవరం వైపు కొండల్లో మొదలై కొల్లేరులో కలుస్తుంది. దాని దారిలో నేల ఎంతమేరకు నీళ్లు తాగగలిగేలా ఉంది, ఎంతమేరకు టైల్‌లా మారింది అని తొమ్మిదేళ్ల పిల్లలు వాళ్లంతట వాళ్లే అడుగుతారు. భయపడ్డ పిల్లకు కారణం తెలిస్తే భయం కొంత తగ్గుతుంది, నేను కళ్లారా చూశాను.

పత్రి

వినాయక చవితి మనకు సిద్ధంగా ఉన్న ప్రాజెక్టు. 21 రకాల పత్రి పేర్లు వ్రతకల్పంలో ఉన్నాయి, ఆకులు మన చుట్టుపక్కల ఉన్నాయి. పండగకు రెండు వారాల ముందు మొదలుపెట్టి గరిక, ఉత్తరేణి, మారేడు, తులసి, మామిడి, రేగు, జమ్మి, రావి, మద్ది, వావిలి, మరువం, దానిమ్మ ఒక్కోటీ గుర్తుపట్టించండి. ఒక్కో మొక్క నుంచి ఒక్క ఆకే తీసుకోవాలి, కొమ్మ విరవకూడదు. పుస్తకంలో నొక్కి పెట్టి, పక్కన పేరూ దొరికిన చోటూ రాయించండి. జిల్లేడు, ఉమ్మెత్త, గన్నేరు విషం కాబట్టి వాటిని పెద్దవాళ్లే తెంపాలి, తర్వాత చేతులు కడిగించాలి. జిల్లేడు ఆకు మీద చారల పురుగులు కనిపిస్తే ఆ ఆకు వదిలేయండి, అవి కూడా సీతాకోకచిలుకల పిల్లలే. విగ్రహం మట్టితో పిల్లలే చేసుకుంటే, బకెట్లో నిమజ్జనం చేసిన మట్టి తర్వాత కుండీలోకి వెళుతుంది. రంగులు వేయకపోతేనే అది కుదురుతుంది.

ఏ పుస్తకాలు చదివించాలి

ఏలూరు రోడ్డు పుస్తకాల షాపులు, లెనిన్ సెంటర్ పాతపుస్తకాలు, జనవరిలో జరిగే పుస్తక మహోత్సవం, ఇవన్నీ ఉన్న ఊరు మనది. నేషనల్ బుక్ ట్రస్ట్, "మంచి పుస్తకం" అనే ప్రచురణ సంస్థ తెచ్చిన పిల్లల పుస్తకాలు తక్కువ ధరకే వస్తాయి. ప్రథమ్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా ఉన్నాయి, బడిలో ప్రొజెక్టర్ ఉంటే గోడ మీద వేసి చదవచ్చు.

కొనే ముందు నిలబడి ఒకసారి పూర్తిగా చదవండి. అందులో జంతువు జంతువులా ఉందా, మనిషికి తోక తగిలించినట్టు ఉందా చూడండి. చివరి పేజీలో నీతి బోధించే పుస్తకాన్ని నేను తీసుకోను. చెట్టు ఏడ్చి ఏడ్చి చచ్చిపోయే కథలు ఆరేళ్ల లోపు వాళ్లకు వద్దే వద్దు. మన పిట్టలు, మన చెట్లు బొమ్మల్లో ఉంటే పిల్ల పుస్తకం మూసి కిటికీలోంచి బయటికి చూస్తుంది. అలా చూస్తే ఆ పుస్తకం కొనదగ్గదే.

సుమతీ శతకంలో చెరువు నిండితే కప్పలు వేలకొద్దీ చేరతాయన్న పద్యం ఉంది కదా. అది బంధువుల గురించి చెప్పిందే అయినా, తొలివానకు ఖాళీ స్థలంలో నీళ్లు నిలిచి రాత్రి కప్పలు అరుస్తున్నప్పుడు చదివితే పిల్లలకు కప్పల పద్యంగానే వినిపిస్తుంది. ఎండాకాలమంతా ఈ కప్పలు ఎక్కడున్నాయి అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. నేలలోపల, తడి మిగిలిన చోట దాక్కుని ఉన్నాయని చెప్పండి. ఖాళీ స్థలాలన్నీ సిమెంటు అయిపోతే ఎక్కడ దాక్కోవాలని వాళ్లే అంటారు.

ఎనిమిది, తొమ్మిదేళ్ల వాళ్లకు పుష్పవిలాపం వినిపిస్తాను. గుంటూరు జిల్లా కొమ్మూరులో పుట్టిన కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి గారి పద్యాలు, ఘంటసాల గారి గొంతు. పూజకు పూలు కోయబోయిన మనిషితో పూలు మాట్లాడడం వాళ్లకు బాగా తెలిసిన సన్నివేశమే, రోజూ ఇంట్లో జరిగేదే. మాటలన్నీ అర్థం కాకపోయినా ఫరవాలేదు. విన్నాక పారిజాతం చెట్టు దగ్గరికి తీసుకెళతాను. ఆ పూలను నేల మీద రాలినవే ఏరుకుంటాం, కోయం. పొగడపూలూ అంతే. అలా రాలినవాటితోనే ఆ రోజు ముగ్గు నింపుతారు.

ఊరు దాటి వెళ్లగలిగితే

శీతాకాలంలో ఒక పొద్దున గుంటూరు దగ్గర ఉప్పలపాడు తీసుకెళ్లండి. ఊరి చెరువులో తుమ్మచెట్ల నిండా గూడబాతులు (పెలికాన్లు), కొంగలు గూళ్లు కట్టుకుని ఉంటాయి. రంగురంగుల బట్టలు వద్దు, చెరువు దగ్గర హారన్ కొట్టవద్దని డ్రైవర్‌కు ముందే చెప్పండి. పిల్లలకు రెండే పనులు ఇవ్వండి: పుల్లలు మోసుకొస్తున్నది ఎవరు, పిల్లలకు తిండి పెడుతున్నది ఎవరు. గూడబాతు పిల్ల తల్లి సంచీనోట్లోకి తల దూర్చి తింటుంది. అది ఒక్కటి కనిపించినా వెళ్లిన పని అయినట్టే. పక్షుల పేర్ల పట్టిక చేతికిచ్చి టిక్కులు పెట్టమంటే పిల్లలు పట్టికనే చూస్తారు. ఇంకొంచెం దూరం వెళ్లగలిగిన వాళ్లకు కైకలూరు దగ్గర ఆటపాక ఉంది. 2002లో రామ్‌సర్ జాబితాలోకి, అంటే ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలోకి ఎక్కిన కొల్లేరు అంచు అది, బుడమేరు నీళ్లు చేరేది ఆ కొల్లేరుకే.

కొండపల్లికి వెళితే బొమ్మల కాలనీలో ఆగి, బొమ్మ ఏ చెట్టుతో చేశారో కళాకారులనే అడిగించండి. తెల్లపొణికి అంటారు. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి అతికిస్తారు. ఆ చెట్టు అడవిలో తగ్గిపోతే బొమ్మ ఏమవుతుందో ఏడు చేపల వరసలోనే పిల్లలు లెక్క కడతారు.

బడిలో వారానికి ఒక్క పీరియడే దొరికే టీచర్లు ఇవన్నీ పెట్టుకోకండి. జూన్, జులైల్లో ఏడు చేపల కథా, చీమలూ. ఆగస్టు నుంచి చెట్టు పుస్తకం, చవితికి పత్రి. వానలు తగ్గాక కరివేపాకు పురుగు, సంక్రాంతి తర్వాత నీళ్ల ప్రశ్నలు. పిల్లల పుస్తకాలను మార్కులు వేయకుండా తిరిగి ఇచ్చేయండి. ప్రతి పేజీ మీదా తేదీ ఉందో లేదో మాత్రం చూడండి, వచ్చే ఏడాది అదే చెట్టు దగ్గర నిలబడి పోల్చుకోవడానికి కావాలి.